ఒక చుట్టు బాకీ

‘స్టూవర్ట్ లిటిల్’ చూశారా మీరు? 1999లో వచ్చిన ఇంగ్లీషు చిత్రం. చొక్కా లాగూ తొడుక్కున్న ఒక బుల్లి ఎలుక న్యూయార్కులో ఓ ఇంటికి పెంపుడు కొడుకుగా వస్తుంది. చూడకపోతే కొంప మునిగిందేం లేదు గాని, అందులో బొమ్మ పడవల పందెం ఒకటుంది. సెంట్రల్ పార్కు చెరువులో. సరిగ్గా పందెం ముందు రిమోటు పగిలిపోతుంది. దాంతో ఎలుకే స్వయంగా పడవెక్కి, తెరచాప సర్దుకుని, విలన్ కుర్రాడి పెద్ద పడవని ఓడిస్తుంది. హాలంతా ఈలలు! నేనూ వేశాను. ఆ ఈల ఇన్నేళ్ళకి నన్ను ఎక్కడికి ఈడ్చుకెళ్ళిందో చెప్పడానికే ఈ సోది.

సోది అన్నానని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో హీరో ఉన్నాడు, ద్రోహం ఉంది, క్లైమాక్సు కూడా ఉంది. కాకపోతే క్లైమాక్సు జరిగింది స్నానాల తొట్టిలో. ద్రోహం చేసింది నేను.

హీరో మా బావ. సొంత బావేం కాదు. అమెరికాలో చుట్టరికాలు ఇలాగే కుదుర్తాయి. న్యూజెర్సీలో ఒకే బిల్డింగులో వాడు పైన, నేను కింద. ఒకే కారులో ఆఫీసుకెళ్ళేవాళ్ళం. వాళ్ళావిడ మొదటిరోజే నన్ను ‘అన్నయ్యగారూ’ అంది. అంతే, వాడు బావ అయిపోయాడు.

మా ఇద్దరికీ రెండే తగాదాలు. ఒకటి హీరోల గురించి. వాడి హీరో వేరు, నా హీరో వేరు. పేర్లు చెప్పను, చెప్తే మీలో సగంమంది ఇక్కడే చదవడం మానేస్తారు! రెండోది నీళ్ళ గురించి. వాడిది ఎదుర్లంక. యానాంకి అవతలి ఒడ్డన్నమాట. వంతెన రాకముందు పంటు మీద గోదారి దాటి యానాంలో సినిమా చూసొచ్చిన బాపతు. నాది సికింద్రాబాదు. వానాకాలంలో హుస్సేన్ సాగర్లో తెరచాప పడవల పందాలు జరుగుతుంటే టాంక్‌బండ్ మీద సైకిలాపి, మార్నింగ్ షో టైమైపోతున్నా నోరు తెరుచుకు చూసినవాణ్ణి.

“మీ సాగర్లో పడవా ఓ పడవేనా? అటునుంచి ఇటు ఈదుకుంటూ పోవచ్చు” అనేవాడు బావ.

“మీ పంటుకి తెరచాపే లేదు గదరా” అనేవాణ్ణి నేను.

‘స్టూవర్ట్ లిటిల్’ మాత్రం ఇద్దరికీ ఇష్టం. దానికి స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరిలో ఒకాయన మనోజ్ నైట్ శ్యామలన్. ఆయన పుట్టింది మాహేలో. మాహే కూడా యానాంలాగే పుదుచ్చేరి కిందికే వస్తుంది. అంచేత శ్యామలన్ మా పక్కూరివాడే అని బావ వాదన. కాదని ఎవరనగలరు చెప్పండి?

అలాంటివాళ్ళం, ఓ శనివారం ఆ సినిమాలో చెరువు చూద్దామని బయల్దేరాం. ఫిఫ్త్ ఎవెన్యూ పక్కనే ఉంది. పేరు కన్సర్వేటరీ వాటర్. చెరువని పేరేగాని, చుట్టూ సిమెంటు గట్టు కట్టిన పెద్ద తొట్టి. ఓ పక్కన పుట్టగొడుగు మీద కూర్చున్న ఆలిస్ కంచు విగ్రహం, ఇంకో పక్క పిల్లల కథల ఆండర్సన్ విగ్రహం. 1954లో కట్టిన ఇటుకల పడవల ఇల్లు ఒకటి. అక్కడ బొమ్మ పడవలు అద్దెకిస్తారు. చెరొకటి తీసుకున్నాం.

రిమోటులో రెండే పుల్లలు. ఒకటి చుక్కానికి, రెండోది తెరచాప తాడు లాగడానికీ వదలడానికీ. ఇంజను లేదు. గాలే ఇంజను. గాలికి ఎదురుగా తిన్నగా పొమ్మంటే పోదు. మన బస్సులు ఘాట్ రోడ్డెక్కినట్టు కాసేపు ఇటు, కాసేపు అటు ఏటవాలుగా పోవాలి. మొదటి పది నిమిషాల్లో నా పడవ నాలుగుసార్లు గట్టుని ముద్దు పెట్టుకుంది. బావ పడవ చెరువు మధ్యలో నిలబడి సిగ్గుపడింది. పక్కన ఏడేళ్ళ పిల్ల ఒకత్తె మా ఇద్దర్నీ జాలిగా చూసి తన పడవని చక్కగా తిప్పుకుపోయింది. దెబ్బతిన్న పౌరుషం ఎంత దూరం తీసుకెళ్తుందో మీకు తెలీందేముంది? నెల తిరక్కుండా ఇద్దరం సొంత పడవలు కొన్నాం. మా ఊరి దగ్గర చెరువులో శనివారాలు పందాలు వేసుకునే చిన్న క్లబ్బులో చేరిపోయాం.

పది మందికి మించి ఉండరు అక్కడ. అందరివీ ఒకే రకం పడవలు. డ్రాగన్ ఫోర్స్ 65. పేరు వింటే బ్రూస్‌లీ సినిమా గుర్తొస్తుంది గాని, పొడవు 65 సెంటీమీటర్లే. కింద ఓ పలక, పలక చివర బరువైన గుండు. ఎంత గాలికి ఒరిగినా ఆ గుండు మళ్ళీ లేపి నిలబెడుతుంది. క్లబ్బు పెద్దాయన దగ్గర మాత్రం చేత్తో చేసిన చెక్క పడవ ఒకటుంది. మార్బుల్‌హెడ్ తరగతిదట, 50 అంగుళాల పొడవు, 800 చదరపు అంగుళాల తెరచాప. దాన్ని పందాలకి తేడు, చూపించడానికి తెస్తాడు. రేడియో రిమోటు రాకముందు పడవని వదిలేసి, గట్టు వెంబడి దానితోపాటే నడిచి, ఒడ్డుకొచ్చినప్పుడు కర్రతో తిప్పి పంపేవాళ్ళమని చెప్పేవాడు. అది విని బావ పొంగిపోయాడు. “గెడ! గెడ వేసేవాళ్ళట బావా! మనవాళ్ళే!”

తెరచాప పందాలకి ప్రపంచమంతటికీ ఒక రూల్సు పుస్తకం ఉంది. నాలుగేళ్ళకోసారి సవరిస్తారు. రేడియో పడవల కోసం అందులో ఓ అనుబంధం కూడా ఉంది. మొదటిరోజే మేం ఆ పుస్తకం అడిగితే పెద్దాయన నవ్వి, జేబులోంచి అట్టముక్క తీసిచ్చాడు. పైన ‘స్నేహపూర్వక నిబంధనలు’ అని ఉంది. కింద అరపేజీ. ఆ పుస్తకం చదివినవాళ్ళు లాయర్లవుతారు, మాకు పడవలు నడిపేవాళ్ళు కావాలి అన్నాడు.

ఆ అరపేజీలోనే ఓ కురుక్షేత్రం ఉందని అప్పుడు తెలీలేదు.

మొదటి రూలు ఇది. గాలి పడవకి కుడివైపునుంచి తగుల్తుంటే అది స్టార్‌బోర్డు పడవ. ఎడమనుంచి తగుల్తుంటే పోర్టు పడవ. రెండూ ఎదురుపడితే పోర్టు పడవే తప్పుకోవాలి. ఎంత ముందున్నా, ఎంత పెద్దవాడిదైనా సరే. పూర్వం ఓడ నడిపే తెడ్డు కుడివైపు ఉండేదట. ఆ తెడ్డు ఉన్న పక్క గనక దానికి స్టార్‌బోర్డు అని పేరొచ్చింది. ఇక గట్టు మీద నిలబడి కుడి ఎడమలు తేల్చుకోవడం ఎంత కష్టమో మీరూహించుకోండి. పడవ మీవైపు వస్తుంటే దాని కుడి మీ ఎడమ! మొదటి నెలంతా నేను ఎడంచేతి వాచీని కుడిచేతికి మార్చుకుని చూశాను. టైము కూడా తప్పింది.

రెండు పడవలకీ గాలి ఒకే పక్కనుంచి తగుల్తుంటే, గాలి వచ్చేవైపు ఉన్నది తప్పుకోవాలి. ఎందుకంటే కింద ఉన్నవాడి గాలి అదే కాజేస్తోంది గనక. వెనకనుంచి వచ్చేవాడు ముందువాణ్ణి గుద్దకూడదు. ఇది మన ఆర్టీసీ బస్సులకి కూడా చెప్తే బాగుండేది. బుడగ దగ్గరికి, అంటే మలుపు గుర్తు దగ్గరికి, నాలుగు పడవల దూరంలోకి వచ్చాక, లోపలివైపు ఉన్నవాడికి తిరిగే చోటివ్వాలి.

ఇహ అసలు రూలు. తప్పు చేసినవాడు, బుడగని తాకినవాడు, పక్కకి తప్పుకుని తన పడవని గుండ్రంగా ఒక చుట్టు తిప్పి మళ్ళీ పందెంలోకి రావాలి. ఎవరూ ఈల వెయ్యరు. ఎర్ర కార్డు చూపించరు. అంపైరు లేడు. తప్పు చేశానని నీకు తెలిస్తే నువ్వే తిరగాలి. పది సెకన్ల పని. కాని ఆ పది సెకన్లలో ముగ్గురు దాటిపోతారు.

అట్టముక్క చివర రెండు వాక్యాలున్నాయి. తప్పెవరిదో ఇద్దరికీ కుదరకపోతే చూసినవాళ్ళని అడగండి. ఎవరూ చూడకపోతే వదిలేసి టీ తాగండి.

పెద్దాయనకి ఓసారి ‘స్టూవర్ట్ లిటిల్’ పందెం ఫోన్లో చూపించాం. మెచ్చుకుంటాడనుకున్నాం. చివరిదాకా చూసి, ఆ ఎలుక గెలుపు చెల్లదు అన్నాడు! రిమోటు పని చెయ్యకపోతే ‘కంట్రోలు పోయింది’ అని అరిచి పందెంలోంచి తప్పుకోవాలట. విలన్ పడవ ఎంతమందిని గుద్దిందో లెక్కపెట్టి, దానికి అన్ని చుట్లు బాకీ అన్నాడు. సినిమాని అలా చూసేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఒక్క శనివారం వదల్లేదు మేం. లెక్క ఎలాగంటే, మొదట వచ్చినవాడికి ఒక పాయింటు, రెండోవాడికి రెండు, అలా. చివరికి ఎవరికి తక్కువుంటే వాడు గెలిచినట్టు. మా కాలేజీలో ఈ పద్ధతి ఉండుంటే నేను యూనివర్సిటీ ఫస్టు. బహుమతి ఓ పాత పింగాణీ కప్పు, పిడి దగ్గర అంటించి ఉంది. ఏటా చేతులు మారుతుంది.

నవంబరు ఆఖరి శనివారానికి నేనూ బావా సమానం. ఆఖరి పందెంలో ఎవరు ముందొస్తే కప్పు వాడిది.

ఆ పొద్దు గాలి తెరలు తెరలుగా వస్తోంది. చివరి బుడగకి వెళ్తున్నాం. వాడి పడవకి గాలి కుడినుంచి, నాదానికి ఎడమనుంచి. అంటే తప్పుకోవాల్సింది నేను. వాడి వెనకనుంచి పోతే పోయేది. ఒక్క పడవ దూరం నష్టం. కాని వెనక్కెందుకు పోవాలి, వాడి ముక్కు ముందే తిప్పేసి వాడి పక్కకి చేరిపోతే నాదీ స్టార్‌బోర్డే అవుతుంది గదా అని లెక్కేశాను.

“స్టార్‌బోర్డ్!” అని అరిచాడు బావ.

తిప్పాను. టక్! చెక్క మీద కొబ్బరికాయ కొట్టినట్టు చిన్న చప్పుడు. వాడి ముక్కు నా వెనక భాగానికి తగిలి వాడి పడవ ఉన్నచోటే నిలబడిపోయింది. నాది ఆ తోపుకి ముందుకి జరిగి, గాలి పట్టుకుని బుడగ తిరిగేసింది.

ఇక్కడ ఓ చిక్కుంది. మలుపు తిరుగుతున్న పడవకి ఏ హక్కూ లేదు. తిరగడం పూర్తయి, కొత్త దారిలో కుదురుకున్నాకే హక్కు. “పూర్తయింది!” అని అరిచాను నేను. “కాలేదురా” అన్నాడు బావ. ఆ ఒక్క మాటే. మళ్ళీ అన్లేదు.

నలభై గజాల దూరం. నీళ్ళ మీద ఎండ మెరుస్తోంది. ఎవరూ సరిగ్గా చూళ్ళేదు. పెద్దాయన మా ఇద్దరి మొహాలూ చూసి, మీకు తెలుసు గదా అన్నాడు, టీ ఫ్లాస్కు మూత తీస్తూ. ఇద్దరివైపూ చూసే అన్నాడు గాని, నాకు మాత్రం నన్నే అన్నట్టుంది.

నిజం చెప్పనా? చప్పుడైనప్పుడు నా తెరచాప ఇంకా రెపరెపలాడుతోంది. నా కళ్ళు చూశాయి. వేలు చుక్కాని పుల్ల మీదే ఉంది. అటు నొక్కితే చుట్టు. నొక్కలేదు. గెలిచాను. కప్పు ఇచ్చారు, ఫోటో తీశారు. ఫోటోలో బావ నా పక్కనే ఉన్నాడు, నవ్వుతూనే.

ఇంటికొచ్చే దారిలో ఇరవై నిమిషాలు కారులో పాటలే. రోజూ ప్రతి పాటకీ ముందు వాడి హీరోనో నా హీరోనో తిట్టుకునేవాళ్ళం. ఆరోజు ఎవరూ ఏమీ అన్లేదు.

ఆ తర్వాత తగాదా పడితే బాగుండేది. వాడు తగాదా పళ్ళేదు. మెట్ల దగ్గర కనిపిస్తే “ఏరా, తిన్నావా” అనేవాడు. ఆఫీసుకి మాత్రం పొద్దున్నే పని ఉందని ముందు వెళ్ళిపోయేవాడు. శనివారం చెరువుకి రమ్మంటే పాపకి డాన్సు క్లాసట. రెండోవారం జలుబట. కప్పు టీవీ పక్కన పెట్టుకున్నాను. సినిమా చూస్తుంటే అదే కనబడేది. వంటింట్లోకి మార్చాను. అక్కడా కనబడింది.

డిసెంబరులో ఓ సాయంత్రం ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటుంటే తెలిసినాయన ఒకరు అడిగారు. “మీ పైనింటివాళ్ళు డల్లాస్ వెళ్ళిపోతున్నారటగా, జనవరిలో?”

నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి సిగ్గేసింది. “అవునండీ” అన్నాను.

అదే వారం క్లబ్బులో ఒకాయన వాళ్ళ మనవళ్ళు బాతులకి గింజలు వేస్తున్న వీడియో అందరికీ పంపాడు. నవంబరు ఆఖరి శనివారం తీసిందే. బాతుల వెనకాల, మూలన, రెండు తెల్ల తెరచాపలు! ఎడిటరు మూవియోలా ముందు కూర్చున్నట్టు కూర్చున్నాను ఆ రాత్రి. ఒక్కో ఫ్రేమూ ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. తగిలే క్షణానికి నా పడవ ముక్కు ఇంకా గాలిలోకే ఉంది. తెరచాప ఏ పక్కకీ నిండలేదు. పదిసార్లు చూశాను, పదకొండోసారి మారుతుందేమోనని.

కప్పు చంకలో పెట్టుకుని పైకెళ్ళాను. తలుపు చెల్లెమ్మ తీసింది. ఇల్లంతా అట్టపెట్టెలు. బావ కింద కూర్చుని పెట్టెకి టేపు వేస్తున్నాడు.

“బావా, తిరగడం పూర్తి కాలేదు” అన్నాను.

“తెలుసు” అన్నాడు, టేపు పంటితో తెంపుతూ.

“వీడియో దొరికింది. చూపిస్తా, ఇదిగో...”

“నాకెందుకురా వీడియో? నేను చూశాను. నువ్వూ చూశావు.” తలెత్తలేదు. “చుట్టు కొట్టావా?”

“ఏంటి?”

“చుట్టు బాకీ ఉన్నావు గదా. కొట్టావా?”

“ఎక్కడ కొట్టను? చెరువు గడ్డకట్టింది.”

“ఆయ్, మా ఇంట్లో నీళ్ళు లేవేంటి?” అని లేచాడు.

వాడు వేళాకోళమాడుతున్నాడో నిజంగా అంటున్నాడో అర్థం కాలేదు. స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడు వినబడేసరికి కిందికి పరిగెత్తి నా పడవ, రిమోటు తెచ్చాను. సర్దేసిన పెట్టె విప్పి వాడు టేబుల్ ఫాను బయటికి లాగాడు. “సామాన్లు రేపొస్తారండీ తీసుకెళ్ళడానికి” అని చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి అంది. “తొందరగా కానివ్వండి అన్నయ్యగారూ, నేల తడపకుండా.” పాప కమోడు మూత మీదెక్కి కూర్చుంది. రిఫరీ తనేనట.

తొట్టి నిండా నీళ్ళు. ఫాను రెండో నంబరు మీద. పడవ వదిలాను. తెరచాప నిండింది, పడవ కదిలింది, చుక్కాని నొక్కాను, ముక్కు తిరిగింది... కర్ర్‌మంది. అడుగున గుండు తొట్టికి తగిలి పడవ పక్కకి ఒరిగి నిలబడిపోయింది. అటూ పోదు, ఇటూ రాదు. ఫాను మూడో నంబరుకి పెంచాం. తెరచాప మీంచి నీళ్ళు చెల్లెమ్మ మీద పడ్డాయి.

బావ వంటింట్లోకెళ్ళి అట్లకాడ తెచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని పడవ నడుముకి ఆనించి, “హైలెస్సా” అంటూ తోశాడు. “పంటు ఇసకలో దిగబడితే మా రేవులో ఇంతే చేసేవాళ్ళు.” పడవ ఇంకొంచెం తిరిగింది. మళ్ళీ ఆగింది. వాడు నవ్వడం మొదలెట్టాడు. నవంబరు తర్వాత నేనా నవ్వు వినలేదు.

“సగం చుట్టయింది” అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. “మిగతా సగం డల్లాస్ వచ్చి కొట్టు. అక్కడ చెరువులు బోలెడున్నాయట.”

కప్పు ఇస్తే తీసుకోననలేదు. పాత పేపరు చుట్టి, గిన్నెల పెట్టెలో ఓ మూల కుక్కాడు. పిడి దగ్గర ఎక్కడ అంటించారో చూసి అటువైపు ఇంకో కాగితం ఎక్కువ చుట్టాడు.

“నాన్నా, ఇంతకీ ఎవరు గెలిచారు?” అంది పాప.

“ముందు గాలి ఏ పక్కనుంచి వస్తోందో చెప్పు” అన్నాడు బావ, ఫాను ప్లగ్గు పీకుతూ.